గౌరీకుండ్‌లో ఆ ఆదివారం

ఆదివారం. 2013 జూన్ 16. తెల్లారాల్సిన వేళ దాటింది. గౌరీకుండ్‌లో ఇంకా తెల్లారలేదు.

చీకటి కాస్త పలచబడి బూడిదరంగుకి తిరిగింది, అంతే. వాన పడుతూనే ఉంది. రేకుల కప్పుల మీద ఒకటే మోత. పక్కనున్న మనిషికి అరిచి చెబితే తప్ప వినపడని మోత. ఒకవైపు నిట్టనిలువు కొండ, ఇంకోవైపు మందాకిని నది, ఆ రెంటి నడుమ ఒకే ఒక్క సందు. ఆ సందులోనే ధర్మశాలలు, టీ కొట్లు, పూరీలు వేగే మూకుళ్లు, ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు అమ్మేవాళ్లు, గుర్రాలవాళ్ల కేకలు, డోలీలు మోసే నేపాలీలు, రాత్రంతా బస్సులో కూర్చుని కాళ్లు వాచిన యాత్రికులు, తడిసిన కంబళ్ల వాసన, పేడ వాసన, అగరొత్తుల వాసన, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ కదులుతున్నాయి.

ఆ సందులోంచి నదివైపు మెట్లు దిగితే పొగలు.

తప్తకుండం. పక్కనే మంచు కరిగి పారే నది, పైనుంచి జివ్వుమనే వాన, మధ్యలో రాతి తొట్టి నిండా కాగిన నీళ్లు. ఎవరూ పొయ్యి పెట్టలేదు. కట్టె కాల్చలేదు. కొండ లోపలి నుంచి అలా వచ్చి పడుతున్నాయి. ముందు బొటనవేలు పెట్టి చూస్తారు. చుర్రుమంటుంది. చెంబుతో నాలుగుసార్లు పోసుకుంటారు. ఆ తర్వాత ‘హర హర మహాదేవ’ అంటూ ఒక్కసారిగా దిగిపోతారు. ఋషీకేశ్ నుంచి మలుపు మలుపుకీ కుదుపులు తిన్న ఒళ్లు ఆ నీళ్లలో సడలుతుంది. ఆడవాళ్లకి వేరే చాటు. దగ్గర్లోనే గౌరమ్మ గుడి. శివుణ్ని పెళ్లాడాలని గౌరి తపస్సు చేసింది ఇక్కడే అంటారు. ఇక్కడ మునగాలి, అమ్మవారికి మొక్కాలి, అప్పుడు 14 కిలోమీటర్లు కొండెక్కాలి. పైన, 3,583 మీటర్ల ఎత్తున, కేదారనాథుడు.

ఎక్కాలా? ఆగాలా? ఆ పొద్దున గౌరీకుండ్‌లో అందరి నోటా అదే మాట.

గుర్రాలవాళ్లు పైకి చూశారు. మబ్బు కొండల నడుముల దాకా దిగి ఉంది. జూన్ ఇక్కడ యాత్రల నెల. గుడి తలుపులు తెరిచి నెల దాటింది. కింద గుప్తకాశీ చుట్టుపక్కల పల్లెల మగవాళ్లు చాలామంది యాత్ర రోజుల సంపాదన మీదే ఏడాది గడుపుతారు. బడి పిల్లలు కూడా సెలవుల్లో పైకొచ్చి కొట్లలో పనిచేస్తారు. వానలు దిగేది జూన్ చివర్లోనో జూలైలోనో. కానీ ఆ ఏడు రుతుపవనాలకి తొందరెక్కువైంది. జూలై 15 నాటికి దేశమంతా పరుచుకోవాల్సినవి జూన్ 16కే పరుచుకున్నాయి. నెల ముందు.

కొందరు ఆగారు. కొందరు ఎక్కారు. ఎక్కినవాళ్లని తప్పుపట్టడం ఇప్పుడు తేలిక. వాళ్ల జేబులో తిరుగు ప్రయాణం టికెట్టు ఉంది, దాని మీద తేదీ ఉంది. పక్కన డెబ్బై ఏళ్ల తల్లి ఉంది. ‘ఇంత దూరం వచ్చి స్వామిని చూడకుండా పోతామా నాయనా’ అనే తల్లులు మన ఊళ్లలో ఇంటికొకరు ఉంటారు. గుర్రం మాట్లాడుకున్నారు. డోలీ మాట్లాడుకున్నారు. రెయిన్‌కోటు బొత్తాలు పెట్టుకుని, కర్ర చేతపట్టి, రామ్‌బాడా దారిలో నడక మొదలెట్టారు.

వాళ్లు ఎక్కుతున్న కొండ పైన ఒక గొట్టంలో నీళ్లు నిండుతున్నాయి.

అది వానని కొలిచే పరికరం. డెహ్రాడూన్‌లోని వాడియా హిమాలయ భూగర్భ సంస్థ శాస్త్రవేత్తలు పెట్టింది. కేదారనాథ్‌కి ఎగువన, చోరాబారి అనే మంచునది అంచున, 3,820 మీటర్ల ఎత్తులో వాళ్ల చిన్న శిబిరం ఉంది. 15వ తేదీ సాయంత్రం 5 నుంచి 16 సాయంత్రం 5 దాకా అక్కడ పడిన వాన 325 మిల్లీమీటర్లు. చిత్తూరు జిల్లాలో ఏడాది పొడుగునా పడేదాంట్లో దాదాపు మూడో వంతు. ఒక్క రోజులో పడింది. అదీ మంచు మీద పడింది. వాన మంచుని కరిగించింది. కరిగిన మంచు వానతో కలిసింది. రెండూ కలిసి వాలు వెతుక్కున్నాయి.

శిబిరానికి దగ్గర్లో ఒక సరస్సు ఉంది. చోరాబారి తాల్. 1948లో గాంధీజీ అస్థికలు కొన్ని ఇక్కడ కలిపారు. అప్పటి నుంచి గాంధీ సరోవరం అయింది. పొడవు 400 మీటర్లు, వెడల్పు 200. దానికి తూము లేదు. అలుగు లేదు. అడుగున రాళ్ల సందుల్లోంచి నీళ్లు ఇంకిపోవడమే దారి. గట్టు సంగతి సరేసరి, మంచునది ఎప్పుడో తోసుకొచ్చి వదిలేసిన రాళ్లూ వదులు మట్టీ. చెరువు కింద సేద్యం చేసిన చిత్తూరు జిల్లా కుప్పం రైతుని తీసుకెళ్లి ఆ గట్టు మీద నిలబెట్టి ఉంటే, వాన మొదలైన పూటే కిందకి కబురు పంపేవాడు: అలుగు లేని చెరువు నిండితే గండి పడక మానదని.

సరస్సు నిండుతోంది. కబురు పంపేవాళ్లు ఎవరూ లేరు.

సాయంత్రం 5.15. కేదారనాథ్ ఊరి వెనక నుంచి మొదటి దెబ్బ పడింది. సరస్వతి, దూధ్‌గంగ, మందాకిని, అన్ని పాయలూ ఒకేసారి పొంగాయి. నీళ్లతో రాళ్లొచ్చాయి. రాళ్లతో మట్టొచ్చింది. శంకరాచార్యుల సమాధి ఉన్న చోటు కొట్టుకుపోయింది. గుడికి ఎగువన ఉన్న వసతి గృహాలు కొట్టుకుపోయాయి. మనుషులు గుడివైపు పరుగెత్తారు. వెయ్యేళ్ల నాటి రాతి గోడల కంటే గట్టిది ఆ చుట్టుపక్కల ఇంకేదీ లేదు.

ఏడు కిలోమీటర్ల కింద రామ్‌బాడా. సగం దారి. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ అక్కడే ఆగుతారు, టీ తాగుతారు, గుర్రాలకి దాణా పెడతారు. నది పక్కనే వరసగా కొట్లు, సత్రాలు. ఆదివారం సాయంత్రం, అంత వానలో, ఎవరైనా ఏం చేస్తారు? ఏదో ఒక కప్పు కింద దూరతారు. రామ్‌బాడా కప్పులన్నీ నిండి ఉన్నాయి.

అటు తర్వాత రామ్‌బాడా అన్న ఊరు లేదు.

చీకటి పడేసరికి గౌరీకుండ్‌లో నది గొంతు మారింది. అంతదాకా హోరు. ఇప్పుడు హోరులోంచి దబ్, దబ్ అని ఇంకో చప్పుడు. ఇల్లంత బండలు నది అడుగున దొర్లుతూ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్న చప్పుడు. అది చెవికంటే ముందు పాదాలకి తెలుస్తుంది. నేల అదురుతుంది. నదివైపు గదుల్లో ఉన్నవాళ్లు సామాన్లు వదిలేసి సందులోకి వచ్చారు. ‘భాగో, భాగో!’ హిందీ రానివాళ్లకి కూడా ఆ మాట అర్థమైంది. ఎటు పారిపోవాలి? కింద నది. పైన జారే కొండ. వెనక్కి సోన్‌ప్రయాగ దారి, అదీ నది పక్కనే. దీపాలు లేవు. వానలో టార్చిలైటు వెలుగు రెండడుగులకి మించి పారడం లేదు. అలవాటున్న ఊరివాళ్లు ఎగువన ఉన్న గౌరీగావ్ వైపు ఎగబాకుతుంటే, వాళ్ల వెనక, వాళ్ల కొంగులూ చొక్కాలూ పట్టుకుని, తెలుగువాళ్లూ గుజరాతీలూ మరాఠీలూ రాజస్థానీలూ, చెప్పుల్లేకుండా, మోకాళ్ల మీద, వేళ్లతో చెట్ల వేళ్లు పట్టుకుంటూ ఎక్కారు.

కింద చీకట్లో గోడలు నదిలోకి ఒరుగుతున్నాయి. తప్తకుండం ఇంకా ఉంది. ఇంకా పొగలు వస్తున్నాయి.

ఇంత చల్లటి కొండలో ఆ నీళ్లని కాచేది ఏమిటి?

అగ్నిపర్వతం అనుకుంటారు చాలామంది. హిమాలయంలో ఈ లోయ కింద అగ్నిపర్వతం లేదు. అగ్నిపర్వతం కక్కిన రాయి చూడాలంటే అంత దూరం పోనక్కర్లేదు, కుప్పం పక్కన గుడుపల్లె మండలానికి వస్తే చాలు. చిగురుగుంట, బిసానత్తం బంగారు గనుల కింద ఉన్నది అదే. కోలారు నుంచి సాగివచ్చే నల్లరాతి పట్టీ. 270 కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పొంగి గడ్డకట్టిన లావా. నీళ్లలో పడి గడ్డకట్టింది కనుక దిండ్లు పేర్చినట్టుండే ఆ రాళ్లు కేజీఎఫ్ దగ్గర ఇప్పటికీ కనిపిస్తాయి. తర్వాత ఆ రాతి పగుళ్లలోంచి లోతునుంచి వేడినీళ్లు ఎగదన్నాయి. అవి వదిలివెళ్లిందే తెల్లటి పలుగురాయి, దాంట్లో బంగారం. అంటే వేడినీళ్లు గుడుపల్లె కిందా ఉండేవి. నేల చల్లబడింది. పగుళ్లు పూడుకున్నాయి. కొండ కదలడం మానేసింది. ఆ బంగారం కోసం తవ్విన గనులు కూడా 2001లో మూతపడ్డాయి.

గౌరీకుండ్ కొండ కదలడం మానలేదు. భారత భూఫలకం ఏడాదికి 5 సెంటీమీటర్ల చొప్పున ఇంకా ఉత్తరానికి తోసుకుపోతూనే ఉంది. ఆ తోపుడుకి ఒక రాతిపొర ఇంకోదాని మీదకి ఎక్కింది. ఎక్కిన చోట హిమాలయం పొడుగునా పెద్ద పగులు పడింది. మెయిన్ సెంట్రల్ థ్రస్ట్ అంటారు దాన్ని. మందాకిని లోయని అది అడ్డంగా దాటుతుంది. కొండల మీద పడ్డ వానా, కరిగిన మంచూ అలాంటి పగుళ్లలోంచి లోతుకి ఇంకుతాయి. లోతుకి పోయేకొద్దీ రాయి వేడి. ఆ వేడికి కాగి, మరో పగుల్లోంచి పైకి తన్నుకొస్తాయి. బదరీనాథ్ తప్తకుండం అంతే. యమునోత్రి సూర్యకుండం అంతే, అక్కడైతే గుడ్డలో బియ్యం మూటకట్టి ముంచితే ఉడికిపోతాయి. ఏ పగులు యాత్రికుడి అలసట తీర్చే నీళ్లని పంపిస్తోందో, ఆ పగులే చుట్టుపక్కల రాతిని నలిపి పొడిచేసి పెట్టింది. ఆ నలిగిన కొండ మీద ఒక్కరోజులో 325 మిల్లీమీటర్లు.

సోమవారం. జూన్ 17. ఉదయం 6.45.

చోరాబారి శిబిరంలో కాపలా మనుషులు ఉన్నారు. సరస్సు ఏమైందో కళ్లారా చూసింది వాళ్లే. గట్టు తెగింది. అంత సరస్సూ ఖాళీ కావడానికి పట్టింది ఐదు నుంచి పది నిమిషాలు. అంతే. ఆ నీళ్లు ఒట్టి నీళ్లుగా రాలేదు. మంచునది వదిలిన బండల్ని, గట్టు మట్టిని, రాత్రి విరిగిపడ్డ కొండచరియల్ని ఎత్తుకుని, కేదారనాథ్ మీదకి ఒకే గోడలా దూకాయి. రాత్రి వాన తగ్గుతుందేమోనని గుడి చుట్టూ గదుల్లో చేరి ప్రాణాలు దక్కించుకున్న వాళ్లు అప్పుడప్పుడే బయటికి తొంగిచూస్తున్నారు.

ఒక పెద్ద బండ దొర్లుకుంటూ వచ్చింది. సరిగ్గా గుడి వెనక ఆగింది. ప్రవాహం దానికి తగిలి రెండుగా చీలి, గుడికి ఆ పక్కా ఈ పక్కా పోయింది. గుడి నిలబడింది. ఆ బండని ఇవాళ భీమశిల అని పూజిస్తున్నారు. గుడి రెండు పక్కలా ఉన్న ఊరు నిలబడలేదు.

మందాకిని మళ్లీ లేచింది. కింద గౌరీకుండ్ ఉంది.

రాత్రి సగం తిన్న ఊరికి పొద్దున మిగతా సగం కోసం వచ్చింది. నదివైపు వరస మొత్తం, కార్లూ జీపులూ ఆపే చోటు, గుర్రాల కొట్టాలు, కట్టేసి ఉన్న గుర్రాలు, మెట్లు. పైన గౌరీగావ్ వాలు మీద తడిసి ముద్దయి కూర్చున్నవాళ్లు కిందకి చూస్తూనే ఉన్నారు. చూడటం తప్ప చేయగలిగింది లేదు. నది తన వెంట తెచ్చిన బండలనీ ఇసుకనీ అక్కడ దించింది. తప్తకుండం ఆ బండల కింద పూడిపోయింది. రాతి తొట్టి, మెట్లు, ఆడవాళ్ల చాటు, ఏవీ కనపడలేదు. ఎన్నో తరాల యాత్రికులు వేలు పెట్టి చూసి చుర్రుమన్న చోట బూడిదరంగు రాళ్ల దిబ్బ.

ఇంకా కిందకి, సోన్‌ప్రయాగ దగ్గర వంతెన లేదు. బతికినవాళ్లకి దారి లేదు.

ఆ తర్వాతి రోజుల గురించి తక్కువ మాట్లాడుకుంటాం. వరద నిమిషాల్లో చంపింది. ఆకలీ చలీ రోజులు తీసుకున్నాయి. రామ్‌బాడా నుంచి తప్పించుకుని అడవిలోకి ఎగబాకినవాళ్లు జంగిల్ చట్టీ చుట్టుపక్కల వాలుల మీద చెల్లాచెదురయ్యారు. అగ్గిపెట్టె తడిసింది. బిస్కెట్ ప్యాకెట్టు పదిమందికి. షుగరు మందులు సంచిలో ఉన్నాయి, సంచి నదిలో ఉంది. ఫోన్లు మూగబోయాయి. వానలో తడిసి, గాలికి ఆరి, మళ్లీ తడిసి, ఒళ్లు కొయ్యబారి, కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే పోయారు.

హెలికాప్టర్ చప్పుడు మొదట చెవుల భ్రమ అనుకున్నారు.

భ్రమ కాదు. వైమానిక దళం ‘ఆపరేషన్ రాహత్’ మొదలుపెట్టింది. సైన్యం ‘సూర్య హోప్’ అని దిగింది. పారాట్రూపర్లు జంగిల్ చట్టీ అడవిలో దిగి, చెట్ల మధ్య మనుషుల కోసం వెతికారు. సరిహద్దు దళం ఐటీబీపీ, విపత్తు సహాయ దళం ఎన్డీఆర్ఎఫ్ జవాన్లు సోన్‌ప్రయాగ దగ్గర ఉధృతంగా పారే నీటి మీద తాళ్లు కట్టారు, దుంగలు వేశారు. ముసలివాళ్లని వీపున మోశారు. చేతి సైగలే భాష. ‘అమ్మా’ అన్న ఒక్క పిలుపుకి మాత్రం తర్జుమా అక్కర్లేకపోయింది. ఒకరి తర్వాత ఒకరు, ఉత్తరాఖండ్ మొత్తం మీద లక్షమందికి పైగా, కొండల నుంచి బయటపడ్డారు.

జూన్ 25, మంగళవారం. మళ్లీ మబ్బు దిగింది.

కేదారనాథ్‌లో శవాలున్నాయి. దహనానికి పొడి కట్టెలు కావాలి. తడిసిన కొండ మీద పొడి కట్టె దొరకదు. ఎంఐ-17 వీ5 హెలికాప్టర్ ఒకటి కట్టెలు చేరవేసే పనిలో ఉంది. నడుపుతున్నది వింగ్ కమాండర్ డారిల్ కాస్టెలినో. కేదారనాథ్ నుంచి తిరిగి వస్తోంది. లోపల వైమానిక దళం వాళ్లు ఐదుగురు, ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు తొమ్మిదిమంది, ఐటీబీపీ వాళ్లు ఆరుగురు. పైన పొగమంచు, కింద ఇరుకు లోయ. గౌరీకుండ్‌కి దగ్గర్లో అది కొండని తాకింది.

ఇరవైమందిలో ఒక్కరూ మిగల్లేదు. మర్నాడు మిగతా హెలికాప్టర్లు అదే లోయలోకి మళ్లీ వెళ్లాయి.

ఇక్కడ, రెండువేల కిలోమీటర్ల అవతల, తెలుగు ఇళ్లలో టీవీలు ఆగలేదు. తెర కింద పేర్లు పోతున్నాయి. వచ్చినవాళ్ల పేర్లు, చిక్కుకున్నవాళ్ల పేర్లు, ఆచూకీ తెలియనివాళ్ల పేర్లు. అందులో ఒక పేరు కోసం ఇంటిల్లిపాదీ కళ్లార్పకుండా కూర్చున్న ఇళ్లు శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా ఉన్నాయి. అప్పటికి రాష్ట్రం ఒకటే. ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి చిత్తూరు జిల్లావాడు. ప్రతిపక్ష నేత చంద్రబాబు నాయుడు కుప్పం ఎమ్మెల్యే. ఢిల్లీ ఆంధ్రప్రదేశ్ భవన్‌కి బస్సుల్లో, రైళ్లలో, విమానాల్లో బయటపడ్డవాళ్లు చేరుతున్నారు. ఒంటిమీద బట్టలు తప్ప ఇంకేమీ లేవు. ప్రభుత్వం ఏర్పాట్లు చేసింది. తెలుగుదేశం విడిగా విమానం పెట్టింది. చంద్రబాబు డెహ్రాడూన్ వెళ్లారు.

జూన్ 26న డెహ్రాడూన్ విమానాశ్రయంలో, యాత్రికులు ఎవరి విమానం ఎక్కాలన్న దాని మీద, కాంగ్రెస్, తెలుగుదేశం నాయకులు వాళ్ల కళ్లముందే చొక్కాలు పట్టుకునేదాకా వెళ్లారు. అంతకు ముందురోజే, ఆ కొండల్లోనే, ఇరవైమంది జవాన్లు ప్రాణాలిచ్చారు. ఈ రెండు తేదీల్నీ పక్కపక్కన పెట్టి రాయాల్సి రావడం సిగ్గుచేటు.

ఇంతకీ ఎంతమంది పైకి ఎక్కారు? ఎంతమంది దిగారు? ఆ లెక్క ఎవరి దగ్గరా లేదు. అసలైన గండం అక్కడ మొదలైంది.

ఎందుకంటే 2013లో గౌరీకుండ్ దాటి కొండెక్కే మనిషి పేరు తప్పనిసరిగా రాసుకునే పద్ధతి లేదు. కుండంలో మునిగాడు, కర్ర పట్టుకున్నాడు, ఎక్కాడు. ఎవరి చిట్టాలోనూ లేడు. గుర్రాలవాళ్లూ, డోలీ మోసే నేపాలీలూ, కొట్లలో కప్పులు కడిగే పిల్లలూ అంతకంటే లేరు. గుప్తకాశీ దగ్గర దేవ్లీ-భణీగ్రామ్ అనే పల్లె నుంచి యాత్ర పనులకి పైకెళ్లిన మగవాళ్లలో యాభైమందికి పైగా తిరిగి రాలేదు. జూలై 15 దాకా గడువు పెట్టి, అప్పటికీ రానివాళ్లని చనిపోయినట్టే భావించి పరిహారం ఇస్తామని ఉత్తరాఖండ్ ప్రభుత్వం చెప్పింది. గడువు ముగిసేసరికి ఆచూకీ లేనివాళ్లు 5,748 మంది. మెడలో తాళి తియ్యాలా వద్దా, పదో రోజు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి, ఈ ప్రశ్నలకి ఏ జీవోలోనూ జవాబు లేదు.

కొండ మీద మిగిలిన పనికి మనుషులు వెళ్లారు. రామ్‌బాడా నుంచి పైకి పాత దారి పోయింది. నెహ్రూ పర్వతారోహణ సంస్థ వాళ్లు, కల్నల్ అజయ్ కోఠియాల్ ముందుండి, నదికి అవతలి ఒడ్డున లిన్‌చోలీ మీదుగా కొత్త దారి తొలిచారు. గడ్డకట్టే చలికాలాల్లో కూడా పని ఆపలేదు. 14 కిలోమీటర్ల నడక 16 అయింది. 2014లో వేలిముద్ర, ఫొటో ఇస్తేనే యాత్ర చీటీ అన్న పద్ధతి వచ్చింది.

గౌరీకుండ్‌లో వేడినీళ్లు చావలేదు. పూడ్చిన బండల మధ్యనుంచే మళ్లీ దారి వెతుక్కుని నది ఒడ్డున పైకొచ్చాయి. ఆ ధారని మళ్లించి, మళ్లీ స్నానాలకి వీలు చేశారు. పగులు అలాగే ఉంది మరి, అది నలిపిన కొండా అలాగే ఉంది. 2023 ఆగస్టు 3 రాత్రి గౌరీకుండ్‌లోనే కొండచరియ విరిగి దారి పక్క కొట్లని నిద్రపోతున్న మనుషులతో సహా మందాకినిలోకి తోసేసింది. 2024 జూలై 31 రాత్రి లిన్‌చోలీ, భీమ్‌బలీ దగ్గర కుండపోతకి దారి తెగి వేలమంది మళ్లీ చిక్కుకున్నారు. ఈసారి యాత్రికుల పేర్లు రాసుకునే పద్ధతి ఉంది.

2013లో దొరికిన శవాల నుంచి, ఎముకల నుంచి, దహనానికి ముందే నమూనాలు తీసి పెట్టారు. గుర్తుపట్టడానికి ముఖాలు లేవు. ఆ నమూనాలు చేరింది హైదరాబాద్‌కి. సీడీఎఫ్‌డీ, డీఎన్ఏ వేలిముద్రల కేంద్రం. దేశం నలుమూలల నుంచి కొడుకులు, కూతుళ్లు, అన్నదమ్ములు రక్తం ఇచ్చారు. శవాల నమూనాల్నీ ఈ రక్తం నమూనాల్నీ పక్కపక్కన పెట్టి పోల్చడం ఆ ప్రయోగశాల పని. సరిపోలినవి చాలా కొద్ది. రక్తం ఇవ్వడానికి ఇంట్లో ఒక్కరూ మిగలని కుటుంబాలూ ఉన్నాయి, నది నుంచి ఎముకే దొరకని కుటుంబాలూ ఉన్నాయి. 2014 జూన్‌లో జంగిల్ చట్టీ అడవిలో ఇంకొన్ని అస్థిపంజరాలు కనిపించాయి. 2016 అక్టోబరులో త్రియుగీనారాయణ్ నుంచి కేదారనాథ్ పోయే కొండదారిలో మరికొన్ని. ప్రాణం దక్కించుకోవడానికి అంత ఎత్తుకి ఎక్కినవాళ్లవి. పోలీసులు వాటి నుంచి కూడా నమూనాలు తీసి, అప్పుడు దహనం చేశారు.